కొలతల పుస్తకం లేని కొట్టు

మీ తాత కుట్టుపని ఎందుకు మానేశాడనా? మానెయ్యలేదు తల్లీ, ఎవరు చెప్పారు నీకు? కూర్చో, నిలబడి అడిగే మాట కాదది. మీ తాత, అదే మా బావ అంటే ఏమనుకున్నావ్, కటింగ్ మాస్టరు! టేపు ఒంటికి ఆనించాడంటే చాలు, ఛాతీ, నడుము, భుజం అన్నీ బుర్రలోకి ఎక్కేసేవి. ఏడాది తర్వాత వచ్చినా "ఏంటండీ, నడుము రెండంగుళాలు పెంచారు?" అనేవాడు. మా కొట్లో కొలతల పుస్తకమే ఉండేది కాదు. అదీ మా గొప్ప. కొట్టు నాదేలే, పేరు మాత్రం ఆయనది. ఆ మాయదారి జబ్బు వచ్చింది చూడు, ఊళ్ళకి ఊళ్ళు తలుపులేసుక్కూర్చున్న ఏడు, అప్పుడు ఆయన్నీ పట్టుకుంది. నెలకి జ్వరం పోయింది, దగ్గూ పోయింది. మనిషి మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. ఎవరైనా గట్టిగా పిలిస్తే ఉలిక్కిపడేవాడు. మిషను చప్పుడుకి చెమటలు పట్టేవి. అంకెలు నిలిచేవి కావు. డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆ మహాతల్లి "ఇది బద్ధకం కాదండీ, జబ్బు మెదడు మీదా మనసు మీదా దెబ్బ కొట్టింది. తొందరపెట్టకండి, అన్నీ రాసుకోనివ్వండి" అని చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ఆఁ ఆఁ అని తలూపాను. ఊపి ఏం చేశాను? పుస్తకం కొన్నానా? కొనలేదు. అది కనిపిస్తే కొట్టు పరువు పోతుందని. ఏం పరువో, నా మొహం!

పాపం ఆయనేం చేశాడంటే, పొడుగు చేతుల చొక్కా వేసుకొచ్చి, ముంజేతి మీద పెన్నుతో కొలతలు రాసుకునేవాడు. ఒకరోజు నా కంట పడింది. కొట్టు నిండా జనం. నాకేమో నోటి దురద. ఆయన్ని పట్టుకుని చొక్కా చెయ్యి పైకి లాగి, "చూశారా, మా బావ పరీక్షకి చీటీలు పెట్టుకొచ్చాడు!" అన్నాను. అందరూ పడీపడీ నవ్వారు. ఆయనా నవ్వాడు. నవ్వుతూనే చొక్కా చెయ్యి దించి గుండీ పెట్టుకున్నాడు. ఆ ఒక్క గుండీకి ఎంతసేపు పట్టిందో. మర్నాడు నేను కొట్టు తీసేసరికి వచ్చి, "బావమరిదీ, నాకు కాజాలు, గుండీలు ఇచ్చెయ్. వెనకాల కూర్చుని కుట్టుకుంటాను" అన్నాడు. అది కొత్తగా చేరినవాళ్ళకిచ్చే పని తల్లీ. వద్దు బావా అనొచ్చుగా? అన్లేదు. పైగా వచ్చేవాళ్ళకి కనపడకుండా అడ్డంగా తెర కట్టించాను. పోయేదాకా నాలుగేళ్ళు దాని వెనకే ఉన్నాడు. ఇంట్లో ఒక్క మాట చెప్పుకోలేదు. మీ అమ్మమ్మేమో, ఆయన పోయాక కూడా, "మా తమ్ముడు కాబట్టి కడుపులో పెట్టుకు చూసుకున్నాడు" అని ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్తుంది. నేను పక్కనే కూర్చుని, సిగ్గులేకుండా ఊఁ కొడతాను... సరేలే, నీ బస్సు ఎన్నింటికన్నావు?