స్టేజీ కావాలన్న పెంచలమ్మ

పెంచలమ్మంటే జువ్వలపాడులో తెలవనోళ్లు లేరు. గొంతెత్తిందంటే పొలాల్లో గొడ్లు కూడా తలలు తిప్పాల్సిందే అనుకో. ఆమె మనవరాలు పావని, తొమ్మిదో తరగతి. హైస్కూలేమో టౌన్లో. బస్సెక్కాలంటే మూడు మైళ్లు నడిచి మెయిన్ రోడ్డుకి పోవాల. దారిలో కల్వర్టు మీద తాగుబోతులు కూర్చోని ఉంటారంట, పిల్ల కనపడితే చాలు ఈలలు, పాటలు. ఒకరోజు ఏమైందంటే, ఒకడు సంచి పట్టుకొని లాగినాడు. పిల్ల ఏడ్చుకుంటా వచ్చి, "అవ్వా, నేనింక బడికి పోనవ్వా" అనింది. కొడుకేమో, సరే మానిపిద్దాం, ఉగాది దాటినాక సంబంధం చూద్దాం అన్నాడంట. పెంచలమ్మకి కడుపు రగిలిపోయింది. నీ నోట్లో మన్నుబడ, నేను బతికుండగా పిల్లని బడి మానిపిస్తావా, ఊళ్లోకే బస్సు తెప్పిస్తా చూడు అనేసింది. అనేసి నేరుగా డిపోకి పోయింది. అక్కడ మేనేజరు, అమ్మా, మీ ఊళ్లో బస్సాగేదానికి స్టేజీ లేదు, పంచాయతీ కాయితం లేదు, ముందు అయ్యి తెచ్చుకోమని పంపించేసినాడు.

సరిగ్గా ఆ వారమే పంచాయతీకి నిధులొచ్చినాయి, గ్రామసభ పెట్టినారంట. ప్రెసిడెంటు మాలకొండారెడ్డి లేచి, "ఈసారి నిధులతో ఊరి మొదట్లో రోడ్డు పక్కన స్టేజీ కట్టిద్దాం. మీరేమంటారు?" అన్నాడు. పెంచలమ్మ ఎగిరి గంతేసింది! చేతులెత్తండే, ఎత్తండే అని ఆడోళ్లందరి చేతులూ తనే ఎత్తించింది. ఇక్కడుంది చూడండి తమాషా. మాలకొండారెడ్డికి నాటకాల పిచ్చి. ఆయనన్న స్టేజీ నాటకాలాడే స్టేజీ, ఈమె విన్న స్టేజీ బస్సాగే స్టేజీ. అర్థమైందా? మాట ఒకటే, ఇద్దరికీ సంతోషమే! "వానకి తడవకుండా పైన రేకులెయ్యి నాయనా" అంటే, "ఎందుకెయ్యను పెంచలక్కా, ఏస్తా" అన్నాడు. "పొద్దునా సాయంత్రం ఒక పోలీసుండాల, తాగుబోతుల్ని తరిమేదానికి" అనింది. నాటకమాడేది చీకటి పడినాక గదా, పొద్దున్నే పోలీసెందుకని ఆయనకి అనుమానం రావొద్దా? రాలా! రిహార్సల్సుకి పనికొస్తాడులే అనుకున్నాడంట మహానుభావుడు. సెక్రెటరీ అమ్మాయి అంతా తీర్మానంలో రాసి సీలు గుద్దింది.

ఆ కాయితం నకలు పట్టుకొని పెంచలమ్మ మళ్లీ డిపోకి ఉరికింది. మేనేజరు చదివి, "స్టేజీ, రేకులు, పోలీసు కూడానా! ఇంక మాకేం అడ్డం తల్లీ, కట్టడం కానీండి, నెలరోజులు నడిపి చూస్తాం" అన్నాడు. అదే కాయితం చూసి ఎస్సై కూడా, పొద్దునా సాయంత్రం కానిస్టేబుల్ని కల్వర్టు మీదుగా తిప్పుతానన్నాడంట.

స్టేజీ కట్టడం అయింది. ప్రారంభం పొద్దున ఎనిమిదికని పెంచలమ్మ డిపోలో కూడా చెప్పొచ్చింది. ఊరు ఊరంతా వచ్చేసింది, మైకు, హార్మోనియం, ఒకటే సందడి! ప్రెసిడెంటేమో మొహానికి రంగు పూసుకోని, కిరీటం పెట్టుకోని, గద భుజాన వేసుకోని దుర్యోధనుడై నిలబడినాడు. పద్యమెత్తుకుందామని నోరు తెరిచినాడో లేదో, పాం పాం అని హారను! బస్సొచ్చి స్టేజీ ముందర ఆగింది. "ఏందయ్యా ఇది? నా నాటకాల స్టేజీ కాడ బస్సేంది? ఎనక్కి తిప్పు, తిప్పు!" అని గద ఊపుతా ఉండాడు. అప్పటికి గానీ పెంచలమ్మకి సంగతి బోధపడలా. పావని అప్పటికే సంచి తగిలించుకోని ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టి, అవ్వ మొహం చూస్తా ఉంది.

పెంచలమ్మ ఏంజేసింది? గబగబా స్టేజీ ఎక్కి, ఆయన చేతిలో మైకు లాక్కొనింది. "చూసినారా, మన ప్రెసిడెంటు ఊళ్లోకి బస్సు తెచ్చినాడు! కొట్టండే చప్పట్లు!" అని ఒక్క కేక! ఇంకేముంది, ఈలలు, కేకలు, మాలకొండారెడ్డికి జై అని ఊరు మార్మోగిపోయింది. ఆయన నాటకాలకి ఎన్నడన్నా అన్ని చప్పట్లు పడినాయా పాపం? కిరీటం సర్దుకోని, "అవును... నేనే తెచ్చినా" అన్నాడు. అని తనే బస్సుకి కొబ్బరికాయ కొట్టినాడు.

నెలరోజులన్న బస్సు ఇప్పటికి మూడో ఏడు నడస్తా ఉంది. ఆ బస్సు నేనే తెచ్చినానని ఆయన ఇంకా చెప్పుకుంటానే ఉంటాడు. పెంచలమ్మని అడగండి, అవునయ్యా, ఆయనే తెచ్చినాడు అంటది, వక్క నములుకుంటా. ఆమెకి పోయేదేముంది చెప్పండి, పిల్ల ఇంటర్లో చేరింది!