నాలుగు వైర్ల వరస

ఏటే వెన్నెలా, ఊరుకున్నావు? కొట్టు, ఇంకో పాలి సెల్ఫ్ కొట్టు. ఆఁ... ఆపు, ఆపీ, ఆపీ. అలగ పట్టుకుని వాయించీకూడదే గుంటా. మూడు లెక్కెట్టీవరకు కొట్టాల, ఆనక రొంత సేపు దాని మానాన దాన్నొగ్గీయాల. మీ తాత అలగే సెప్పీవోడు. "ఇది గేదె కాదే, తోక మెలెడితే లెగిసిపోడానికి" అనీవోడు. అలగ మూతి ముడుసుకోకు. మామ్మకేటి తెలుసు అనుకుంటన్నావు కదూ? తోలడం తెల్దు, నిజమే. ముప్పై ఏళ్ళు ఈ అంబాసిడర్ ముందు సీట్లో కూకున్నాను, ఒక్క గజం తోలినేదు. మీ తాత బానెట్ కింద తలకాయెట్టీసి "కొట్టు" అంటే కొట్టినాను, "ఆపు" అంటే ఆపినాను. అదే నా ఉజ్జోగం. కానీ దీని సప్పుళ్ళు నాకు తెలుసే. దగ్గు ఏదో, మూలుగు ఏదో, అలక ఏదో తెలుసు. ఆ పానా అక్కడెట్టి ఇలగొచ్చి కూకో. మీ నాన్న ధర్మ పొద్దున్న కాఫీ గింజల బస్తా ఎత్తుకుంటా ఏటన్నాడు? "అమ్మా, పాత ఇనప సామాన్ల లారీ పార్వతీపురం నుంచి మజ్జాన్నానికొత్తాది. ఆ లోపల స్టార్టయితే కారు గుంటది, అవకపోతే లారీది. ఆనక నా కాడ ఎవలూ ఏడవకండి" అన్నాడు. ఇంకా మజ్జాన్నం అవనేదు కద, టైముంది.

నీ తప్పేటీ నేదమ్మా. శనారం దాకా బాగానే స్టార్టయినాది, వాకిట్లో ముందుకీ ఎనక్కీ తిప్పినావు కూడాను. ఎలకలు కొరికీసినాయని పాత ప్లగ్గు వైర్లు నాలుగూ పీకీసి, ఫోన్లో బొమ్మలు సూసుకుంటా కొత్తయి పెట్టినావు. ఆ కాణ్ణించి ఇదీ అలక. మీ తాతైనా కొత్తలో ఇంతే, సొంతంగా ఇప్పీవోడు, బిగించీవోడు, రెండు నట్లు సేతిలో మిగిలిపోయీవి. ఆ మిగిలిన నట్లు నా కాడ పోపుల డబ్బాలో దాసీవోడు. నీకు మీ తాత గుర్తున్నాడేటి? పోయి పన్నెండేళ్ళు. మీసం గుర్తుందా? మీసం కాదే, ఆ సేతులు సూడాల్సింది. ఎంత సబ్బెట్టి రుద్దినా అన్నం ముద్దలో పెట్రోలు వాసనే. నాకు తలకాయ నొప్పొచ్చీది మొదట్లో. ఇప్పుడు బంకు ముందు నుంచి బస్సెల్తంటే కిటికీలోంచి మొకం బయటెట్టి పీలుస్తాను, కండక్టరు నవ్వుతాడు.

కాఫీ తోట మేనేజరుగారి దగ్గర కారు కడిగీవోడే మీ తాత. కడుగుతా కడుగుతా తోలడం నేర్సీసినాడు. ఆయన బదిలీ మీద పోతా పోతా కారు మీ తాతకే ఒగ్గీసి పోనాడు. దీన్ని మొదటి పాలి ఊళ్ళోకి తెచ్చిన రోజు సూడాల్సింది! కుక్కలు అరిసినాయి, కోళ్ళు సూరెక్కీసినాయి. మా అత్త దీపం పట్టుకుని వొచ్చి బానెట్ నిండా పసుపు రాసీసినాది. రాసీసి అడుగుతాది కదా, "ఒరే, ఇది ఏటి తింటాది?" "పెట్రోలమ్మా." "అదెక్కడ పండుతాది?" "మన కాడ పండదమ్మా." "మరి మన కాడ పండందాన్ని తినీదాన్ని ఎందుకు తోలుకొచ్చినావురా, ఎవలు మేపుతారు?" అంది. నాను గుమ్మం ఎనక నోట్లో కొంగెట్టుకుని నవ్వుతన్నాను. అప్పటికి నాకు పెళ్ళయి నాలుగు నెల్లు.

సర్లే, పని సూద్దాం పద. మీ తాత సెప్పీది రెండే రెండు. పెట్రోలు నూనె రావాల, నిప్పు రావాల. రెండూ వొస్తే ఎందుకు లెగదో అదే సెప్తాది. సెల్ఫ్ గట్టిగానే తిరుగుతాంది, అంటే నీ కొత్త బ్యాటరీ మంచిదే, దాన్ని తిట్టకు. నూనె సంగతి, ముక్కెట్టి సూడు కార్బొరేటరు కాడ. వొత్తాందా వాసన? గుప్పుమంటాందా? అయితే నూనె వొచ్చినట్టే. ఛోక్ లోపలికి తోసీ, ఎక్కువైపోతాది. ఛోక్ అంటే గుర్తొచ్చినాది, పుష్య మాసం మంచులో ఇది పొద్దున్నే లెగీది కాదు. మాకప్పుడు ఒక్కటే రగ్గు. ఆ రగ్గు ఏం సేసీవోడో తెలుసా? కారుకి కప్పీసీవోడు! నాను సలికి వొణుకుతా "పెళ్ళాం నానా, అదా?" అంటే, "నువ్వు పొద్దున్నే ఎలాగూ లెగుస్తావే, అది లెగదు" అనీవోడు. ఏం సెప్తావు ఆ మడిసికి? కుంపటి ఎగదోసుకుని ఇద్దరం దాని కాడే కూకునీవోళ్ళం. నవ్వు, నవ్వు. నాకప్పుడు ఏడుపొచ్చీది, ఇప్పుడు ఆ సలే కావాలనిపిస్తాది.

ఇంక నిప్పు. ఒక ప్లగ్గు ఇప్పీ. వైరు దానికే ఉంచి, ప్లగ్గుని ఇంజను ఇనుముకి ఆనించు. సేత్తో కాదే! రబ్బరు పట్టకారుతో పట్టుకో. మా ఆకరి మరిది సుక్రు, మీ సిన్నతాత, ఇలగే "అన్నా నాను పట్టుకుంటాను" అనీసి వొట్టి సేత్తో పట్టుకున్నాడు. నాను సెల్ఫ్ కొట్టినాను. అంతెత్తు ఎగిరి రాజ్‌మా మడిలో పడ్డాడు. లెగిసొచ్చి నన్ను సూసి "వొదినా, నీకు నా మీద కోపముంటే సెప్పు" అన్నాడు పాపం. ఊఁ, పట్టుకున్నావా? కొడతన్నాను. సూసినావా? ఏ రంగు? నీలమా? నీలమైతే నిక్షేపంలాంటి నిప్పు. సరే, ప్లగ్గు బిగించీ. బిగించి, ఈ పాలి నువ్వు కొట్టు, నాను ఇంటాను.

ఠప్పుమంది. ఇన్నావు కదా? కార్బొరేటరులోంచి ఎనక్కి తన్నింది. నూనె ఉంది, నిప్పూ ఉంది, ఠప్పుమని ఎనక్కి తంతాంది. అంటే నిప్పు ఒకలికి పోవాల్సింది ఇంకొకలికి పోతాంది. వైర్ల వరస తప్పినాది. నాలుగూ ఒక్కపాలి పీకీసినావు, వరసగా ఒకటి, రెండు, మూడు, నాలుగు అనీసి పెట్టీసినావు. అంతే.

అలగ సూడకు. అవునే, నాకు పొద్దున్నే తెలుసు. నువ్వు మొదటి పాలి కొట్టినప్పుడే ఠప్పుమన్నాది, అప్పుడే తెలిసిపోనాది. తెలిసే ఊరుకున్నాను. బ్యాటరీ అన్నాను, నూనె అన్నాను, కబుర్లు సెప్పినాను. ఎందుకంటే ఏటి సెప్పమంటావు? స్టార్టవకపోతే లారీవోడు పట్టుకుపోతాడు. స్టార్టయితే నువ్వు పట్టుకుపోతావు, స్టేషను కాడ కిరాయిలకి తోలుతావు. ఎటు సూసినా నా వాకిట్లో ఉండదు. మీరందరూ పనుల్లోకి ఎల్లీసినాక, రోజూ మజ్జాన్నం నాను దీంట్లో కూకుంటాను. మీ తాత సీట్లో కాదు, నా సీట్లో. తలుపేసుకుంటే ఇంకా ఆ వాసనే. ఎవలో "కొట్టు" అంటారని కూకుంటాను. పిచ్చిదాన్నైపోనాననుకో. నాకది తప్ప ఇంకేటీ ఒద్దే. నీ పొట్ట కొట్టాలని కాదమ్మా, నా పేణం ఒప్పుకోనేదు.

ఏడవకు. అదేటి, నువ్వేడుస్తావేటి? ఒద్దు, నాకోసం నువ్వేటీ మానీకు. సెప్తాను, ఇను.

ఎస్.కోట కాడ యర్రయ్య మేస్త్రీ అని ఉండీవోడు, ఆయన సెప్పినాడు మీ తాతకి, "ఒకటి, మూడు, నాలుగు, రెండు. ఇదే వరస, మర్సిపోకు" అని. మీ తాతకి బడి నేదు, అంకెలంటే కళ్ళు తిరుగుతాయి. ఘాట్ రోడ్డు సగం ఎక్కీసరికి మర్సిపోయీవోడు. ఒక పాలి పెళ్ళివోళ్ళనెక్కించుకుని సరిగ్గా మలుపులో ఆగిపోతే, నాలుగు వైర్లూ అటూ ఇటూ మారుస్తా రెండు గంటలు నిలబెట్టీసినాడు. పెళ్ళికొడుకు నడిసి ఎక్కీసినాడు కొండ. ఆ సాయంత్రం సిగ్గుతో తిండికి కూకున్నాడు. అప్పుడు అన్నదమ్ములు నలుగురూ ఒకే ఇల్లు. సోమారం పుట్టిన సోములు పెద్దోడు, తరవాత మీ తాత, బుధారం పుట్టిన బుద్రు, సుక్కురారం పుట్టిన సుక్రు. వొడ్డింపు నాది. పెద్దోడు నాగలి కాణ్ణించొత్తాడు, ముందు సోములుకి. మూడోడు బడికెల్లి ఆకలితో ఒత్తాడు, బుద్రుకి. సిన్నోడు ఏడుస్తాడు, సుక్రుకి. రెండోడు మాత్తరం "ఆళ్ళకెట్టు, ఆళ్ళకెట్టు" అనీసి ఆకరికి తినీవోడు. అడుగున ఏటి మిగుల్తాది? నాను అత్త సూడకండా ఆ గిన్నె అడుగున ఒక ఎండు సేప ముక్క దాసి, పైన సోడంబలి పోసీదాన్ని. ఆ రోజు తింటా తింటా ఒక్కపాలి "దొరికిందే!" అని అరిసినాడు. సేప సంగతి అత్తకి తెలిసిపోనాది అనుకున్నాను. సేప కాదే! వరస దొరికినాది. పెద్దోడు, మూడోడు, సిన్నోడు, ఆకరికి తను. ఒకటి, మూడు, నాలుగు, రెండు. సెయ్యి కడక్కండా కారు కాడికి లగెత్తినాడు.

ఆ కాణ్ణించి వైర్లు పెట్టినప్పుడల్లా నన్నడిగీవోడు. తల బానెట్ కిందే ఉండీది. "ఎవలే ముందు?" "సోములు బావ." "ఆనక?" "బుద్రు." "ఆనక?" "సుక్రు." "ఆనక ఎవలే?" అనీసి ఆగీవోడు. మొగుడి పేరు నోటంట ఎలాగంటాను? అనీదాన్ని కాదు. కావాలని అడిగీవోడు, నవ్వుతా నిలబడీవోడు పట్టకారు పట్టుకుని. "ఒక్కపాలి అను, ఎవలూ నేరు" అనీవోడు. ముప్పై ఏళ్ళు అడిగినాడు, ముప్పై ఏళ్ళూ అన్నేదు. ఆకరికి ఆస్పత్రి మంచమ్మీద కూడా, మాట సరిగ్గా రాదు, నా సెయ్యి పట్టుకుని "ఆనక ఎవలే?" అన్నాడు. నర్సమ్మ పక్కనుంది, నాకు సిగ్గేసినాది. ఆ సిగ్గుని ఏటి సేసుకోను ఇప్పుడు?

అదేటి సప్పుడు? కింద మలుపు కాడ. లారీయే. బేగి, లెగు, బేగి! వైర్లన్నీ దిగీ ఆ కేపు మీద మొదటి కన్నం ఏదో నీకు తెలుసు కదా, దానికి ముందు ప్లగ్గు వైరెట్టు. అది సోములు. ఇప్పుడు కేపు లోపల తిరిగీ ముల్లు, ఆ రోటరు, ఏ వైపు తిరుగుతాదో ఆ వైపే పో. తరవాత దానికి మూడో ప్లగ్గుది, బుద్రు. నొక్కు, బాగా నొక్కు, టక్కుమనాల. తరవాత నాలుగోది, సుక్రు. ఆఁ. ఇంకొకటుంది సూడు, రెండోది. అది...

మంగ్లు.

మంగ్లుదే అది. పెట్టీ. పెట్టినావా? ఉండు, నా సీట్లోంచి నాను కొడతాను. ఏటి, నువ్వే కొడతావా? సరే కొట్టు, నాను దిగిపోతాను. కొట్టు.

...

ఆపీకు! కాలు తియ్యకు. ఏటలగ నా మొకంలోకి సూత్తావు, ముందుకి సూడు. రైలు దిగినోళ్ళు బళ్ళకోసం సూత్తంటారు, ఎల్లు. గేరెయ్యి. ఎల్లమ్మా, ఎల్లు.

ఏ బాబూ, లారీ అక్కడే ఆపు, కోళ్ళున్నాయి! ఎవలు కావాల మీకు? ధర్మ ఇల్లా? ఔను, ఇదే. కారా? కారు కిరాయికెల్లినాది బాబూ.