కూసుండవెట్టి తీస్కపోయే బండి

"తాతా, మేం గూడ పాత వ్యాన్ ఒకటి తీసుకుందామనుకుంటున్నం. ఆయన వేములవాడల టిఫిన్ సెంటర్ పెడ్తడట, బండి మీదనే. మామ మీ బండి కొన్నప్పుడు ఏమేం సూసి కొన్నడు?"

ఏం సూసిండా? అన్నీ సూసిండు బిడ్డ. ఇంజన్ సూసిండు, టైర్లు సూసిండు, కాయిదాలు సూసిండు. కింద తుప్పు వట్టిందా అని నేల మీద ఎల్లెలకల వండుకోని, సెల్లు లైటేసి మరీ సూసిండు మీ మామ. సూడంది ఒక్కటే. ఆగు, మొదటికెల్లి చెప్త. గా దిండు జర నా నడుం పక్కకు వెట్టు. ఇంకొంచెం. ఆఁ, సాలు. ఏందది, ఫోన్ల రికార్డు వెట్టినవా? వెట్టుకో, నాకేం. మీ ఆయనకు గూడ ఇనవెట్టు.

నేను తాళ్లెక్కెటోన్ని, నీకెరుకే గదా. సిన్నప్పుడు మీ అమ్మతోని ఈడికస్తే, నా ఎంట తాటివనంలకు అస్తనని ఒకటే ఏడుపు ఏడ్శెటిదానివి. నేను వయసుల ఉన్ననాడు మా కోరుట్ల సుట్టువక్కల కల్లుకు మస్తు గిరాకి. సీసా రూపాయి ఉన్ననాడు... గాదు గాదు, రూపాయి గూడ లేకుండె మొదట్ల, అర్ధ రూపాయే. సరే తీయ్. అన్నేండ్లు ఎక్కినా మోకు నన్నెన్నడు మోసం జెయ్యలే. మోకంటే నడుముకు, చెట్టుకు కలిపి ఏసుకునే తాడు. ఆ పొద్దు గూడ మోకు తప్పు లేదు, పట్టుకున్న తాటి కమ్మనే ఇరిగింది, కింద వడ్డ. కరీంనగర్ దవాఖానల ఎన్నుపూసల రాడేసిండ్రు. కాళ్లు పోయినయ్. రాడున్న నడుమాయె, వంగది. మెడ గూడ ముందటికి వంచరాదు. కట్టె లెక్క నిటారుగ కూసునుడే. క్యాంపుల చక్రాల కుర్చి ఇచ్చిండ్రు, దాని మీద గాలి దిండేసుకోని కూసుంట. ఈ అర్రలకెల్లి వాకిట్లకు, వాకిట్లకెల్లి అర్రలకు. గంతే నా దునియా.

మీ అమ్మమ్మ ఉన్నన్ని రోజులు ఎట్లనో గడిశింది. ఆమె పోయినంక నాకు ఒక్కటే పట్టువట్టింది. మా అక్కను సూడాలె.

నువ్వు సూసినవో లేదో మా అక్కను. ధర్మపురి దాటినంక గోదారొడ్డుకు ఊరు వాళ్లది. నన్ను కన్న మా అవ్వ సచ్చిపోయిననాడు నాకింక నడక గూడ రాలేదట. అక్కకే ఎన్నేండ్లున్నయ్, తొమ్మిదో పదో. నన్ను సంకనేసుకోని నీళ్లకు వోయేది, నాట్లకు వోయేది. ఆమె పెండ్లైనంక నన్నిడిశిపెట్టి పోతనా అని అత్తగారింటికి నన్ను గూడ ఎంట తీస్కపోయింది. బావ దేవుడు, ఒక్కమాటన్నడు గాదు. జగిత్యాలకెల్లి బస్సు. టికెట్ ఎంతుండె అప్పుడు... పైసల్లనే ఉండె, గవ్వి గూడ లేకుండె మా తాన. కండక్టర్ రాంగనే నన్ను చీర కొంగుల దాశేది. నేను తుమ్మితే ఆయన నవ్విండట. ఇయన్నీ అక్కనే చెప్పేది, నాకేం యాదికుంటయ్.

ముసలితనంల ఆమెకు మోకాళ్లు వోయినయ్, కండ్లు మసకలొచ్చినయ్. ఆమె రాదు, నేను పోను. ఫోన్ల మొకం సూపిస్తే, "ఏడున్నవురా తమ్మీ, నాకు కనవడ్తలేవు" అనేది. "ఒక్కసారి రారా. నీ మొకం, నీ పెయ్యంత నిమిరి సూస్త. వడ్డప్పటి సంది నిన్ను ముట్టుకోలే" అనేది. నేను ఫోన్ కోడలి చేతికిచ్చి మొకం అటు తిప్పుకునేది.

అంబులెన్స్ మాట్లాడుకోని పోదుమన్నది మా కోడలు. ఒద్దంటే ఒద్దన్న. ఆమె ఇంటి ముందట అంబులెన్స్ ఆగితే మా అక్క గుండె ఆగదా? పోతే నలుగురు పోయినట్టు కూసోని పోవాలె, వాకిట్ల దిగాలె, అక్కా అని పిలవాలె. అందరం గదే అనుకున్నం. అగొ, బండి ఎతుకుడు గాడ మొదలైంది.

ముందుగాల జగిత్యాల పోయిండు మీ మామ. పాత బండ్లు అమ్మెటోళ్లు ఉంటరు గదా, ఆడ ఒక వ్యాన్ సూసిండు. బడి పిల్లలను మోసిందట. లోపలంతా చిన్న చిన్న సీట్లు, ఇరుకిరుకు. ఇంజన్ బాగుంది గని కుర్చి వట్టదని ఇడిశిపెట్టిండు. మల్ల కోరుట్లల యూసుఫ్ కాడికి పోయిండు. మా పాత దోస్తు కొడుకే, మెకానిక్కు, మంచి పోరడు. వాడన్నడట, "అన్నా, నా మాటిను. వ్యాన్ గీన్ ఒద్దు, ట్రాలీ ఆటో ఒకటుంది, తీస్కో. చాచాను కుర్చీతోనే ఎక్కియ్, కుర్చీని తాళ్లతోని గట్టిగ కట్టు, మీద టాపు నేను కొట్టిస్త. ఎక్కుడు ఆసాన్, దిగుడు ఆసాన్. నెత్తికి తాకేది లేదు, పైసలు గూడ సగమే." మీ మామకు కోపమొచ్చింది. "మా బాపును సామాన్ లెక్క తాళ్లేసి కట్టి ట్రాలీల తీస్కపోవాల్నా? మా మేనత్త ఊర్లె ఎవలన్న సూస్తే మొకం ఏడ వెట్టుకోవాలెరా?" అన్నడట. ఇంటికచ్చి నాకు చెప్తే నేను గూడ మంచిగన్నవు కొడకా అన్న. ఎందుకు అబద్ధం, నాకు గూడ ఆ మాట మనసుకు ముల్లు గుచ్చినట్టే అయింది.

ఆఖరికి సిరిసిల్లల దొరికింది. చీరెలు ఏసుకోని సంతలు తిరిగెటాయన, కొత్తది కొనుక్కుంటున్నడని పాతది అమ్ముతుండె. సక్కగ ఉన్నది. పక్క తలుపు జరుపుడు తలుపు, ఎనుక తలుపు పైకి లేస్తది. మీ మామ పోయేటప్పుడు ఏం జేసిండు తెలుసా, నా మోకు గూటానికుంటే అది తీసి, కుర్చి ఎంత ఎడల్పున్నది, ఎంతెత్తున్నది కొలిశి ముడులేసుకోని పోయిండు. సిరిసిల్లల ఆ మోకు పెట్టి తలుపులు కొలిశిండట. బరాబర్ వట్టింది. సంబురంగ ఫోన్ జేసిండు, "బాపూ, నీ కుర్చి కోసమే చేసినట్టున్నది" అని.

ఖాళీ కుర్చీని కొలిశిండు బిడ్డ. కుర్చిల మనిషున్నడన్న సోయి లేకపాయె. కుర్చి పడ్తది, కుర్చిల కూసున్నోని నెత్తి? అది ఎవలు కొలువాలె? నన్ను తీస్కపోయి సూసుకుంటే అయిపోవు గదా అంటవు నువ్వు. దేంట్ల తీస్కపోవాలె? నన్ను తీస్కపోయే బండి కోసమే గదా తిరిగింది!

బండి అచ్చింది. టైర్ల కింద నిమ్మకాయలు వెట్టిండ్రు, పసుపు కుంకుమ, కొబ్బరికాయ, వాడకట్టంతా అచ్చిండ్రు. చెక్క పలకేసి నన్ను కుర్చీతోని పైకి నూకిండ్రు. ఠప్పున నా నొసలు పోయి రేకుకు తాకింది. "మెడ వంచు బాపూ" అంటడు మీ మామ. ఏడ వంచుదురా, వంగుతదా! పక్క తలుపుకెల్లి సూసిండ్రు, అటు గూడ గదే గతి. ఎవడో పోరడు నవ్విండు. మీ మామ వాన్ని కొట్టవోయిండు. ఆయన మొకం సూడలేకపోయిన నేను.

మల్ల నలుగురు గలిసి నన్నెత్తి సీటు మీద కూసుండవెట్టిండ్రు. మంగళారం నాడు బయలెల్లినం. అక్కకు ముందురోజే ఫోన్ జేసి చెప్పినం, అస్తున్నమని. ఊరు దాటి జగిత్యాల రోడ్డు ఎక్కినమో లేదో, ఆ గతుకులకు నా కింద తడి తడి అయితున్నట్టు అనిపించింది. నాకు నొప్పి తెల్వదు గదా కింద. సూస్తే నెత్తురు. సీటు గట్టిగుండె, గాలి దిండేస్తే నెత్తి తాకుతదని ఎయ్యలే, తోలు ఒరుసుకపోయింది. అట్లనే ఎనుకకు మలిపిండ్రు. డాక్టర్ తిట్టిండు. పుండు మానెదాంక కూసునుడు బందు, పక్కకు మలిగి వండుకొనుడే అన్నడు. మానిందనుకుంటే మల్ల లేస్తది. నెలలకు నెలలు గట్లనే పోయినయ్.

అక్క ఆ మంగళారం పొద్దుగాలనే వాకిట్ల మంచం ఏయించుకోని కూసున్నదట. కోడిని కోపిచ్చిందట. మా మేనకోడలు ఫోన్ జేసి అక్కకిస్తే ఏమని చెప్పాలె? "టైరు పంచరైందే అక్కా" అన్న. ఆ తర్వాత వానలన్న. మల్ల డ్రైవరు లేడన్న. "మంచిదేరా తమ్మీ, తొందరేం లేదు, నిమ్మలంగ రా" అనేది. ఒక్కసారి గూడ ఎందుకు రాలేదని అడగలే. అడిగితే నాకింత బాధ కాకుండె. నాకు తెలుసు, ఆమెకు నా అబద్ధాలన్నీ తెలుసు.

బండి ఊకెనే నిలవడ్డది. కిస్తీలు ఆగుతయా? నేనే పిలిశి అన్న మీ మామను, "కొడకా, ఆ సీటు ఇప్పేయ్. నీళ్ల క్యాన్లు ఏసుకో. నాకోసం సూడకు" అని. పానా తెచ్చుకోని ఒక్కడే ఇప్పిండు. కిటికీలకెల్లి సూసిన నేను. ఇప్పుకుంట ఇప్పుకుంట కండ్లు తుడుసుకున్నడు. ఇగ నేను అక్కను సూడనని ఆ రోజు తెలిసిపోయింది నాకు. అన్నం తినలే.

ఇట్లుండంగ మొన్న చలికాలం, పొద్దుగాల మీ మామ క్యాన్లు ఎక్కిస్తుండె, ఫోనచ్చింది. అక్క పోయింది. నిద్రలనే పోయిందట.

మీ మామ గబగబ క్యాన్లన్నీ దించిండు. లోపల పరుపు ఏసిండు, దాని మీద బొంత ఏసిండు. వాడకట్టోళ్లను పిలిశిండు. నా మంచం మీది దుప్పటిని నాలుగు మూలల వట్టి, దుప్పటితోనే లేపి, ఎనుక తలుపుకెల్లి లోపలికి జరిపిండ్రు. గంతే. నెత్తికి తాకలే, నడుం కదలలే, పుండుకు ఒత్తలే. పక్కకు మలిగి హాయిగ వండుకున్న. బండి కదిలింది. జగిత్యాల దాటినం, ధర్మపురి దాటినం. ఎనుక అద్దంలకెల్లి కరెంటు తీగెలు, మబ్బులు కనవడ్తనే ఉన్నయ్. ఎంతసేపు వట్టిందనుకున్నవు? పొయ్యి మీద పెట్టిన పప్పు ఉడికేంత సేపు గూడ కాలేదనిపించింది నాకు.

తొవ్వల మీ మామ బండి పక్కకు ఆపిండు. ముందట కూసోనే, స్టీరింగ్ మీద నెత్తి పెట్టి ఏడ్శిండు. "బాపూ, పండవెట్టి తీస్కపోవచ్చని నాకెందుకు తట్టలే బాపూ" అని. నాకే తట్టలే. ఆయనకు తట్టలే, అంబులెన్స్ అన్న కోడలికి గూడ తట్టలే, యూసుఫ్‌కు తట్టలే, డాక్టర్‌కు తట్టలే. అందరం నన్ను కూసుండవెట్టుడే ఆలోచన జేస్తిమి. పండుకోని పోయినా పోవుడే గదా! ఏ సోమారం పోయినా, ఏ బుధారం పోయినా అక్క వాకిట్లనే ఉండె గదా! నేను దిగకున్నా, ఆమె బండి కాడికొచ్చి, ఎనుక తలుపుకెల్లి చెయ్యి వెట్టి నా పెయ్యి నిమురకపోవునా?

వాకిట్ల ఆమెను కింద వండవెట్టిండ్రు. నన్ను గూడ బొంతతోనే దించి పక్కన వండవెట్టిండ్రు. ఆమె చెయ్యి వట్టుకున్న. చల్లగుండె. ఆ చెయ్యిని నేనే తీసి నా చెంప మీద పెట్టుకున్న, నెత్తి మీద పెట్టుకున్న. నిమురే అక్కా అన్న. అందరు ఏడ్శిండ్రు. నాకు ఏడుపు రాలే బిడ్డ, ఇప్పటికి రాలే.

ఊఁ... నువ్వేడ్వకు. రికార్డు బంజెయ్. బండి అడిగినవు, నేనేందో చెప్తి. మంచి బండే దొరుకుతది తీయ్ మీకు, మీ చేతి వంట నలుగురు తినాలె, సల్లగుండాలె మీరిద్దరు.

ఇప్పుడైతే ఆదివారమైందంటే చాలు, మీ మామ బండి కడుగుతడు, పరుపు ఏస్తడు, అచ్చి నా మంచం కాడ నిలవడ్తడు. "బాపూ, పోదామా? ఏడికంటే ఆడికి తీస్కపోత" అంటడు. పాపం, వాని మొకం సూస్తే కాదనబుద్ధి కాదు. ఒద్దు కొడకా అంట. ఏడికి పోవాలె, నువ్వే చెప్పు బిడ్డ. ఉన్నదే ఒక్క ఇల్లాయె నాకు పోవుటానికి...