పైకి వెళ్లేవాళ్లకు ఐదు లైట్లు

కొండలెక్కేవాళ్ల సామాను అమ్మే కొట్టు. బల్లకు ఇటు అక్కా తమ్ముడూ, అటు కొట్టు యజమాని.

“ఇది కాదండీ. ఇంకోటి చూపించండి.”

“దీనికేమైందమ్మా? కొట్టులో దీన్ని మించింది లేదు. వానకు తడిసినా ఏం కాదు, కింద పడినా పగలదు, అరచేతిలో ఇమిడిపోతుంది. ఒకసారి నొక్కితే పెద్ద వెలుగు. రెండోసారి చిన్న వెలుగు. మూడోసారి నొక్కి పట్టుకుంటే మిణుకు మిణుకుమంటుంది. మొన్నొకాయన కొన్నాడు. కరెంటు పోతే ఇంటిల్లిపాదీ దీనికోసం కొట్టుకుంటున్నారట.”

“మూడుసార్లు నొక్కాలన్నమాట.”

“అలవాటైతే అదెంతసేపమ్మా?”

“కుడి చెయ్యి విరిగి, ఎడమ చేతి వేళ్లు చలికి కొయ్యబారిపోతే? అప్పుడూ అలవాటు మీద వస్తుందా?”

“అక్కా.”

“అడుగుతున్నానురా. కొనేవాళ్లు అడక్కూడదా?”

“అడుగు. కాస్త మెల్లగా అడుగు. అన్నా, ఏమీ అనుకోకు. మా ఇంట్లో పరిస్థితి బాగోలేదు.”

“నేనెందుకనుకుంటాను. ఎన్ని కావాలమ్మా?”

“ఐదు. రేపు ఐదుగురు పైకి వెళుతున్నారు. మా అబ్బాయిని కిందికి తేవడానికి.”

“ఐదా.”

“అవును, ఐదు. ఉన్నాయా లేవా?”

“ఉన్నాయమ్మా. ఉన్నాయి.”

“అక్కా, నువ్వింకా సరేననలేదు. నీ మాట కోసమే అక్కడ వాళ్లు కూర్చున్నారు. ఈ ఫోను చేత్తో పట్టుకుని నీ వెనకాలే తిరుగుతున్నాను. రేపు తప్పితే దారి మంచుతో మూసుకుపోతుందన్నారు. ఇంక కుదరదన్నారు.”

“అందుకే కదా ఇక్కడికొచ్చింది. సరైన లైటు దొరికితే సరేనంటాను. దొరక్కపోతే వద్దంటాను.”

“లైటుకూ దానికీ ఏమిటి సంబంధం?”

“నీకు తెలీదా? ఏమండీ, మీకు తెలిసే ఉంటుంది. మన కొండెక్కేవాళ్లు పెట్టుకున్న గుర్తు. రాత్రిపూట పైన లైటు కదలకుండా వెలుగుతోందంటే ఏమిటి?”

“బాగానే ఉన్నాను, ఎవరూ రావక్కర్లేదు అని.”

“మిణుకుమంటే?”

“రమ్మని.”

“మావాడికీ తెలుసది. కానీ వాడి దగ్గరున్నదీ ఈ లైటే. ఆ చేత్తో ఒక్కసారే నొక్కగలిగాడు. రాత్రంతా వెలుగుతూనే ఉందట. కింద గుడారాల్లో ఉన్నవాళ్లు చూశారు. కదలకుండా వెలుగుతోంది, క్షేమంగానే ఉన్నాడు, తెల్లారాక దిగొస్తాడులే అనుకుని పడుకున్నారు. తెల్లారేసరికి వాడి ప్రాణం పోయింది.”

“ఊరుకో అక్కా.”

“వాళ్లను నేనేమీ అనడంలేదు. చూసినవాళ్లు ఎవరైనా అలాగే అనుకుంటారు. ఇంట్లో వాడు ఏ గదిలోంచి వస్తే ఆ గదిలో లైటు వదిలేసి వచ్చేవాడు. వాడి వెనకే తిరిగి నేను ఆర్పుకుంటూ రావాలి. ఒరే, లైటుకు కూడా ఓ పనుంటుందిరా, నీ పని చూసుకున్నాక దాన్ని పడుకోనివ్వరా అనేదాన్ని. నవ్వేవాడు. ఇంకోటి ఏదైనా ఉందాండీ? మిణుకుమనడం తప్ప ఇంకేమీ తెలియనిది?”

“ఒక్క నిమిషమమ్మా.”

“బల్ల కింద వెతుకుతున్నారా? ఉందా?”

“ఉంది. ఇదిగో. దీన్నెవరూ అడగరు. చూడడానికి పిల్లలు ఆడుకునే బొమ్మలా ఉంటుంది. దీనితో దారి కనబడదు, పక్కనున్న మనిషి మొహం కూడా కనబడదు. కానీ ఈ తాడు లాగారా, మొదలెడుతుంది. వేళ్లతో పనిలేదు. పళ్లతో లాగినా వస్తుంది.”

“ఇటివ్వండి.”

“అక్కా, ఇదేమిటి కొట్టులో? ఎవరైనా చూస్తే బాగోదు. నోట్లోంచి తియ్యి.”

“ఆగరా. ఊఁ. వచ్చింది. చూశావా, ఎంత తేలికో. కళ్లు మూసుకుని లాగాను. ఏమండీ, ఇప్పుడు దీన్ని ఆపడమెలా?”

“ఆగదమ్మా. లోపల బ్యాటరీ అయిపోయేదాకా అలా కొట్టుకుంటూనే ఉంటుంది.”

“అయ్యో, పాడు చేశానా?”

“ఏం పర్వాలేదు. అలా పక్కన పెట్టండి.”

“ఇది చేతిలో ఉంటే మనిషి ఎక్కడ పడిపోయినా కనబడతాడు కదూ?”

“కనబడతాడు. వానలో కూడా కనబడతాడు.”

“అయితే బతుకుతాడు.”

“కనబడతాడమ్మా.”

“అయితే బతుకుతాడు కదా? అది చెప్పరేం?”

“కనబడతాడన్నానమ్మా. దగ్గరికి చేరుకోవడం వేరే సంగతి. అబద్ధం చెప్పి అమ్మలేను. మనిషి ఎక్కడున్నాడో ఇది చెబుతుంది. పైనుంచి దొర్లే రాయిని ఆపదు. నిన్నటి వానకు వాళ్లెక్కే దారిలో ఒక మలుపు దగ్గర బాట సగం జారిపోయింది. పొద్దున కూడా రాళ్లు పడ్డాయి.”

“అన్నా, నువ్వు లైట్లు అమ్ముతావా, మనుషుల్ని భయపెడతావా? ఐదూ సంచిలో వెయ్యి. అక్కా, వాళ్లకిదే పని. నేర్చుకున్నవాళ్లు. వెళతామని వాళ్లే అన్నారు, మనం కాళ్లు పట్టుకోలేదు. ఇంటి దగ్గర బావను చూశావుగా. మంచం దిగడు, మంచినీళ్లు తాగడు. వాణ్ణి ఎప్పుడు తెస్తున్నారు, వాణ్ణి ఎప్పుడు తెస్తున్నారు. అదొక్కటే మాట. ఏ మొహం పెట్టుకుని వెళ్లి తేవట్లేదని చెబుతాం?”

“నువ్వుండరా. ఏమండీ, పొద్దున రాళ్లు పడ్డాయని మీకెవరు చెప్పారు?”

“ఈ కొట్టుకు వచ్చేపోయేవాళ్లు ఏదో ఒకటి చెబుతూనే ఉంటారమ్మా.”

“వానకు ఇవాళ మీ కొట్టుకు ఎవరొచ్చారు? గుమ్మంలో మా చెప్పుల తడి తప్ప ఇంకో అడుగు లేదు.”

“మా అమ్మాయి చెప్పింది.”

“కొండెక్కుతుందా మీ అమ్మాయి?”

“ఎక్కుతుంది. వద్దంటే వినే రకం కాదు. వాళ్లమ్మ పోలిక. నా పోలిక వచ్చుంటే ఈ బల్ల వెనకాలే కూర్చునేది.”

“రేపు వెళుతోందా?”

“ఐదూ విడివిడిగా కట్టమంటారా, అన్నీ కలిపి...”

“రేపు వెళుతోందా అని అడిగాను.”

“వెళుతోందమ్మా. ముందు నడిచేది తనే. వెనక నలుగురూ తన తాడు పట్టుకునే వస్తారు.”

“అంటే మేం లోపలికి రాగానే మీకు తెలుసు, మేమెవరో.”

“లోపలికి రాగానే తెలియదు. ఐదు కావాలన్నారు చూడండి, అప్పుడు తెలిసింది.”

“లైటు దొరక్కపోతే వద్దంటానని మీ ఎదురుగానే అన్నాను కదండీ. ఇది లేదని చెబితే సరిపోయేది.”

“సరిపోయేది. బల్ల కింద చెయ్యి పెట్టి, తియ్యనా వద్దా అని కాసేపు అలాగే వంగి ఉన్నాను. నడుము పట్టేసిందనుకున్నారేమో మీరు.”

“పోనీ, పంపొద్దమ్మా అని నన్ను ఒక్క మాట అడగొచ్చు కదా.”

“ఎలా అడుగుతానమ్మా? అక్కడున్నది మీ బిడ్డ.”

“అక్కా, ఫోను. వాళ్లే చేస్తున్నారు.”

“మీ అమ్మాయి దగ్గర ఏ లైటుంది?”

“మీరు ఇందాక వద్దన్నదే. నేనే ఇచ్చాను. అన్నిట్లోకీ మంచిదని ఏరి మరీ ఇచ్చాను.”

“ఇది ఇచ్చి పంపండి ఇకనుంచి. ఎక్కడికెళ్లినా.”

“పంపుతానమ్మా. మిగతా నాలుగూ కూడా కట్టేయమంటారా?”

“వద్దు. కట్టొద్దు.”

“అక్కా, మోగుతోంది. ఆగిపోతే మళ్లీ దొరకరు, అక్కడ సిగ్నల్ సరిగా ఉండదు. ఐదు లైట్లూ దొరికాయనే చెప్పనా?”

“కాదు.”

“మరేం చెప్పమంటావ్? లైటు కావాలన్నావు, దొరికింది. పళ్లతో లాగి కూడా చూశావు. ఇంకేం కావాలి నీకు? అవతల బావ...”

“మీ బావకు నేను చెప్పుకుంటాను. నువ్వు ఫోనెత్తి, మావాణ్ణి అక్కడే ఉండనివ్వమని చెప్పు.”