ధర్మేంద్ర మళ్లించిన తుఫాను

నౌపడ స్టేషన్ బయట కూర్మమ్మ టీ కొట్టులో ధర్మేంద్ర నోరు విప్పాడంటే ఎజ్రాకి ఒళ్లు మండిపోయేది. ఇద్దరివీ శామియానా సామాన్ల కొట్లే. కానీ ఆర్నెల్లుగా పెళ్లి బేరాలన్నీ ధర్మేంద్ర గుమ్మమే తొక్కుతున్నాయి.

"ఆఫీసు పనంతా ఆన్‌లైన్ అసిస్టెంటుకి అప్పగించీసినాను బావా," అన్నాడు ఆ వేళ ధర్మేంద్ర. "నీలవేణి అని, ఎచ్చెర్లలో ఆళ్లింట్లోనే కూకుంటాది. నా కొట్టు మొహమే సూడ్నేదు. ఫోన్లెత్తడం, బేరం కుదర్సడం, బిల్లులు పంపడం, అన్నీ ఆ పిల్లే."

అంతవరకూ నిజమే. ఎజ్రా మంటంతా అదే. తన కొట్టుకొచ్చే ఫోన్లెత్తేది తనే, బేరం మధ్యలో కోపమొచ్చి పెట్టేసేదీ తనే.

"ఒడిశా వోళ్లు ఫోన్ సేస్తే ఒడియా మాటాడతాది, బెంగాలోళ్లు సేస్తే బెంగాలీ. మొన్నొక మూగాయన సేస్తే ఆయన్తోటీ బేరం కుదిర్సీసినాది!"

"మూగోడు ఫోన్లో ఏటి మాటాడినాడ్రా?" గ్లాసులు కడుగుతూ అడిగింది కూర్మమ్మ.

"అదే కదత్తా ఆ పిల్ల గొప్ప! ఆ తర్వాత ఏటైందో తెల్సా? ఒక్క ముహూర్తానికి ఏడు పెళ్లిళ్లు ఒప్పీసుకున్నాది. నాకున్నవి రెండే శామియానాలు. కంగారు పడకండి సార్ అని, ఏడుగురు పంతుళ్లకీ ఫోన్ కొట్టి ముహూర్తాలే మార్పించీసినాది! అదొక లెక్కా? మొన్న పూండి పెళ్లికి తుఫాను ముంచుకొచ్చినాది గదా, మీరు పడుకోండి సార్ అని, వాతావరణం ఆఫీసోళ్లకి ఏటి సెప్పినాదో గానీ, మబ్బు మబ్బంతా గోపాల్‌పూర్ పక్కకి మళ్లిపోనాది. నా శామియానా మీద సుక్క పడితే ఒట్టు!"

కొట్టంతా నవ్వులు. "ఏటైనా అలాటి మనిషి దొరకడం అదృష్టం మావా," అన్నాడు ఆటో యుగంధర్.

ఆ మాట ఎజ్రాకి ముల్లులా దిగింది.

"సుక్క పడ్నేదు, నిజమే," అన్నాడు. "పడ్డానికి నీ శామియానా అక్కడుంటే గదా! గాలికి లేచిపోయి జీడితోటలో పడ్డాది. పెళ్లోళ్లు భోంచేసింది నా శామియానా కింద. ఆ నీలవేణే ఫోన్ సేసి నన్ను పిల్సినాది."

కూర్మమ్మ పగలబడి నవ్వింది. యుగంధర్ బల్ల చరిచాడు. ధర్మేంద్ర మొహం పాలిపోయింది.

"ఇంకోటి తెప్పించినానని సెప్పినాది గానీ... నీదని సెప్పనేదు. మరి నువ్వయినా ఇన్నాళ్లూ సెప్పనేదేటి?"

"ఎలాగ సెప్తాను? 'మా సారు పరువు పోతాది, ఎవరికీ సెప్పకండి' అని ఏడిసినంత పని సేసినాది."

చెప్పకూడని మాట చెప్పేశానని నోరు దాటాక గానీ ఎజ్రాకి తెలియలేదు. ధర్మేంద్ర కళ్లలో నీళ్లు తిరిగాయి. కోతలు కొయ్యడం మొదలెట్టాక మొట్టమొదటిసారి, చిన్న గొంతుతో అడిగాడు.

"ఏటన్నాది బావా? ఇంకొక్కపాలి సెప్పు."

ఎజ్రా, తన పరువు కోసం అలా బతిమాలే మనిషి ఒక్కరూ గుర్తుకు రాక, లేచి తన కొట్టుకి నడిచాడు.