ఉతికిన గొంగళి

డిసెంబరు ఇరవై రెండు, సోమవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలు. ఆ టైముకి పిల్ల గొడవ చేసిందని మీ మేనల్లుడు ఫోనులో చెప్పాడు కదూ వదినా? గొడవ కాదది. కూర్చోండి, చెప్తాను. ఈ ఇంట్లో ఎవరు ఏ ఘడియలో పుట్టారో, ఎవరు ఏ ఘడియలో పోయారో ముప్పై ఏళ్లుగా అందరూ నన్నే అడుగుతారు. ఈ ఒక్క ఘడియ సంగతి మాత్రం ఎవరూ అడగలేదు.

మన మనవరాలు లోవలక్ష్మికి చూపు లేదు, మాట రాలేదు. మీకు కొత్తగా చెప్పేదేముంది. మొన్న శ్రావణానికి తొమ్మిదేళ్లు నిండాయి. నా కోడలు రోజారమణి రోజూ దాన్ని అలాంటి పిల్లల బడికి తీసుకెళ్తోంది. అక్కడ గౌతమి అని ఒక టీచరమ్మ. నవంబరు నుంచీ పిల్లలకి క్రిస్మస్ కథ చెప్తోంది.

ఏటి, అంత పెద్ద కథా అంటారా? ఐదు నిమిషాల కథ వదినా. రోజూ అదే కథ, అవే మాటలు, అదే వరస. హరికథ చెప్పేవాడైనా నడుమ ఒక పిట్టకథ కలుపుతాడు. ఈవిడ ఒక్క మాట అటూ ఇటూ కానివ్వదు. పైగా చెవులకి మాత్రమే చెప్పదట. మరియమ్మ, యోసేపు చలిలో నడుస్తున్నారనగానే తడిపిన విసనకర్రతో మొహం మీద విసురుతుంది. పశువుల పాక అనగానే గుప్పెడు ఎండుగడ్డి చేతిలో పెడుతుంది. గొర్రెల కాపరులు వచ్చారనగానే గొంగళి ఇస్తుంది. ముగ్గురు జ్ఞానులు అనగానే సాంబ్రాణి పొగ. కళ్లు చూడలేనిది ఒళ్లు చూస్తుందట. సరేలే, ఈ కాలం చదువులు ఇలా ఉన్నాయి కాబోలు అని ఊరుకున్నాను.

నాలుగో వారంలో ఏం జరిగిందో తెలుసా? టీచరమ్మ ఇంకా కాపరుల మాట ఎత్తలేదు. మన పిల్ల గడ్డి పక్కన పెట్టేసి చెయ్యి చాపుకుని కూర్చుంది. గొంగళి అందగానే ముక్కుకి ఆనించుకుని, తల మీదుగా కప్పుకుని, లోపల కూర్చుని ఒకటే నవ్వు. మర్నాడూ అంతే. ఆ పై రోజూ అంతే. తర్వాత వచ్చేది ఏమిటో దానికి తెలుస్తోందని టీచరమ్మ చెప్పిందట. ఆ మాట నాతో చెప్తూ రోజా వంటింట్లో గరిటె పట్టుకునే ఏడ్చింది.

మీ మేనల్లుడు నమ్మలేదు. ఇలాంటి పిల్లల్ని తమ దగ్గరే ఉంచుకుని చూసుకునే చోటు ఒకటి విశాఖపట్నంలో చూసి పెట్టాడు. ఇరవై మూడున తీసుకొస్తామని వాళ్లకి మాట కూడా ఇచ్చేశాడు. ధర్మతేజ చెడ్డవాడని అనను, నా కొడుకు. అలిసిపోయాడు. సోమవారం తల్లిదండ్రుల్ని పిలిచి కథ చూపిస్తారని తెలిసి, దానికి ఒక్కటంటే ఒక్కటి తెలుసని నా కళ్లతో చూస్తే ఎక్కడికీ పంపను అన్నాడు. రోజా సరే అంది. అదన్నమాట. మొగుడూ పెళ్లాం కలిసి పిల్లని తీసుకెళ్లి ఒక గొంగళి మీద పందెం ఒడ్డారు.

ఆ గొంగళి మన వెనక వీధిలో గొర్రెలు కాచే లచ్చన్నది. శనివారం టీచరమ్మ దాన్ని రోజా చేతికిచ్చి, బడిలో ఎలుకలున్నాయి, ఆదివారానికి మీ ఇంట్లో ఉంచండి, ఉతకొద్దు అని చెప్పింది. రోజా అదే మాట నాకు చెప్పింది. చెప్పలేదని నేననను. మరి నేనేం అనుకున్నాను? పాత ఉన్ని కదా, చిరుగుతుందని భయపడుతున్నారు అనుకున్నాను. నా చేతికి పాత బట్టలు కొత్తా వదినా? మీ అమ్మగారి పెళ్లినాటి పట్టుచీర ఇప్పటికీ పోగు కదలకుండా ఉందంటే ఎవరి చలవ?

ఆదివారం రోజా పిల్లని తీసుకుని రావికమతం పుట్టింటికి వెళ్లింది. ధనుర్మాసం. తెల్లారుజామునే తలస్నానం చేసి, పాశురం చదువుకుని ఇవతలికి వచ్చేసరికి అరుగు మీద ఆ గొంగళి. ఏం కంపు, ఏం కంపు! మన దేవుడు కాకపోతేనేం, ఎవరో ఒకరి దేవుడి కథలోది కదా. పసిబిడ్డ పుట్టిన చోటికి అలాంటి గుడ్డ ఎవరైనా పంపుతారా? నా ఇంటి నుంచి పంపుతానా?

మూడు నీళ్లు తీశాను. మొదటి నీళ్లు కాఫీ డికాషన్‌లా దిగాయి. సర్ఫు వేశాను, కంఫర్టు వేశాను, ఆఖరి నీళ్లలో చిటికెడు పసుపు కలిపాను. పిండితే చిరుగుతుందని పిండలేదు, చూశారా, అంత జాగ్రత్త. మేడ మీద ఎండలో ఆరేసి, మడత పెట్టి, మడతల్లో కర్పూరం బిళ్ల ఉంచాను. గోవిందా అనుకుంటూ సంచిలో పెట్టి జిప్పు వేశాను. ఎంత పుణ్యం మూటగట్టుకున్నానో అనుకున్నాను.

సోమవారం అందరం వెళ్లాం. ప్లాస్టిక్ కుర్చీలు, రంగు కాగితాలు. ధర్మతేజ ముందు వరసలో కూర్చున్నాడు. టీచరమ్మ మొదలుపెట్టింది. చలిగాలి అయింది. గడ్డి అయింది. మన పిల్ల గడ్డి పక్కన పెట్టేసి చెయ్యి చాపింది. రోజా మోచేత్తో మొగుణ్ణి పొడిచింది. వాడు ముందుకి వంగాడు.

టీచరమ్మ గొంగళి అందించింది. పిల్ల ముక్కు దగ్గర పెట్టుకుంది. తిప్పి ఇంకో పక్క వాసన చూసింది. ఒక మూల చూసింది, మరో మూల చూసింది. తీసి పక్కన పెట్టేసి, మళ్లీ చెయ్యి చాపింది. ఇది కాదు, అది ఇయ్యి అన్నట్టు. టీచరమ్మ పాపం మళ్లీ అదే ఇచ్చింది. అప్పుడండీ ఆ కేక. నేలకేసి చేతులు బాదుకుంది. అప్పుడు టైము పది నలభై, గోడ మీద గడియారం నా ఎదురుగానే ఉంది.

అది కేక వెయ్యక ముందే, ఆ రెండోసారి చెయ్యి చాపినప్పుడే నాకు అర్థమైంది వదినా. మిగతావాళ్లకి అర్థం కాకపోవచ్చు. నాకు అర్థం కాకపోవడమేమిటి? మీ తమ్ముడు పోయినప్పటి నుంచీ ఆయన కండువా ఆరేళ్లుగా నా ట్రంకు పెట్టెలో ఉంది. దాన్ని నేను ఒక్కసారైనా ఉతికానా?

ధర్మతేజ లేచి వరండాలోకి వెళ్లాడు. రోజా వెనకే వెళ్లింది, నేనూ వెళ్లాను. వాడు గొంతు పెంచలేదు. "ఇన్నాళ్లూ దానికి తెలుసని నువ్వు అనుకున్నావు రోజా, అంతే. తప్పు నీది కాదు" అన్నాడు. రోజా నా వైపు ఒకసారి చూసి తల దించుకుంది. నేను కొంగు సర్దుకున్నాను. ఏమని చెప్పాలి? నా శుభ్రమే ముంచిందని చెప్పాలా? అరవై రెండేళ్లొచ్చి, కోడలి ముందు?

మరి మర్నాడు పొద్దున్న ఏటి చేశామంటారా?

ఆరున్నరకి ఆటో వచ్చింది. పిల్లకి కొత్త గౌను వేశారు. మీ మేనల్లుడు బూట్లు వేసుకుని బ్యాగు గుమ్మం దగ్గర పెట్టాడు. నేను దేవుడి ముందు కూర్చున్నాను గాని ఒత్తి అంటుకోలేదు. లేచి వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడి చెప్పేశాను. గొంగళి ఉతికింది నేను, దానికి తన గొంగళి దొరకలేదు, అందుకు ఏడ్చింది అని.

వాడు నమ్మితేనా? పిల్లని పంపడం ఇష్టం లేక కల్పించి చెప్తున్నావమ్మా అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక నేను అబద్ధం ఆడలేదని ఊళ్లో వాళ్లందరితో చెప్పేవాడు వీడే. అప్పుడు రోజా నోరు విప్పింది. "నాకు నిన్ననే తెలుసు అత్తయ్యా. బట్టల మడతల్లో కర్పూరం మన ఇంట్లో ఇంకెవరు పెడతారు?" అంది. నా కొడుకు ముందు నా పరువు తియ్యడం ఇష్టం లేక, తన బిడ్డ సంగతి కూడా మింగేసిందన్నమాట. నన్ను నాలుగు తిట్టినా బావుణ్ణు.

పిల్ల ఏం చేస్తుందో చూద్దామని ఆటో ఆపించి, బడి నుంచి వెంట తెచ్చిన ఆ గొంగళి పట్టుకుని నలుగురం వెనక వీధిలో లచ్చన్న దొడ్డికి నడిచాం. గొంగళి చూసి లచ్చన్న నెత్తి కొట్టుకున్నాడు. "పదేళ్ల వాసనమ్మా ఇది. ఒక్క పూటలో ఎలాగొస్తాది మళ్లీ?" అన్నాడు. మందలో పడేసి పొమ్మన్నాడు, సూద్దాం అన్నాడు. ఈలోగా పిల్ల మెడ నిక్కించి గాలి పీలుస్తోంది. లచ్చన్న భుజం మీద ఇంకో గొంగళి ఉంది. ఆ మనిషి వైపు తిరిగి చెయ్యి చాపింది. ఎవరూ కథ చెప్పలేదు, ఎవరూ ఏమీ అనలేదు. అతను ఇచ్చాడు. ముక్కుకి పెట్టుకుంది, నెత్తిన కప్పుకుంది, లోపల నవ్వింది.

కాసేపటికి గొంగళి తీసేసి, మొహం పైకెత్తి, మళ్లీ చెయ్యి చాపింది. ఎవరికీ తోచలేదు. ధర్మతేజే అడిగాడు, ఇప్పుడేం కావాలి దీనికి అని. కాపరుల తర్వాత జ్ఞానులు కదురా, సాంబ్రాణి కావాలి అన్నాను. వాడు వెనక్కి తిరిగి పరుగెత్తాడు. ఆ బూట్లతోనే నా దేవుడి గదిలోకి వెళ్లి సాంబ్రాణి పళ్లెం, నిప్పు తెచ్చాడు. ధనుర్మాసంలో. సాంబ్రాణి పొడి నేనే నిప్పు మీద చల్లాను.

గొర్రెల మధ్య పొగ వేసుకుని నిలబడ్డాం అందరం. పిల్ల పొగలోకి చెయ్యి పెట్టి ఆడుకుంటోంది. ఇంతలో విశాఖపట్నం నుంచి ఫోను, బయల్దేరారా అని. "ఈరోజుకి రావట్లేదండి" అన్నాడు మీ మేనల్లుడు. ఈరోజుకి అన్నాడు వదినా. అంతవరకే విన్నాను. ఇంకేం అనుకుంటున్నాడో వాణ్ణే అడగండి, మేనత్తంటే వాడికి గురి.