జావా బండి మీద ఆఫ్రికా

ఎనభై మూడులో, మామిడికాయల కాలం. వేప్పనపల్లి పక్కన ఒక పల్లెలో దొడ్డమ్మ ఇంటి తిన్నె మీద కాయలు ఏరతా ఉన్నారు. పక్కింటి మారక్క, ఆమె మొగుడు శివప్ప సాయానికి వచ్చినారు. దొడ్డమ్మ కొడుకు ఆంజినప్ప హోసూరులో బండ్ల మెకానిక్కు. ఆదివారం ఇంటికొస్తే చేతులకు సెలవిచ్చి నోటికి పని పెడతాడు.

"ఎనభై ఒకటిలో నేను ఆఫ్రికాకు పోయినాను గదా, శివప్పా. అదేమీ పెద్ద గొప్ప గాదు. మా షెడ్డు ఓనరు చుట్టానికి ఆడ కారు చెడిపోయింది, బాగు చేసి రారా అన్నాడు. బొంబాయిలో నన్నూ నా జావా బండినీ ఓడెక్కించినారు. ఆడ దిగినాంక తెలిసింది, ఆ కారుండే ఊరు ఇంకా నాలుగువేల మైళ్లు. సరే పోనీ అని కిక్కు కొట్టినాను, ఒంటిగా."

"దోవ ఎట్ల తెలిసిందప్పా?" అనింది మారక్క.

"అడుక్కుంటా పోయినాను. వాళ్లకు తెలుగు రాదు, అరవం రాదు, కన్నడం రాదు, అయినా ఏ ఊర్లో ఆగినా కడుపుకు పెట్టకుండా పంపలేదు. మూడో దినం పెట్రోలు అయిపోయింది. ఒక ముసలామె తాగమని చెంబునిండా మామిడిరసం ఇస్తే సగం తాగి సగం ట్యాంకులో పోసినాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బండి ముందుకంటే స్పీడు పోయింది. పొగంతా మల్గోవా వాసన. తేనెటీగలు నలభై మైళ్లు ఎంటబడినాయి."

"మల్గోవా ఆడ కూడా ఉందా?" అన్నాడు శివప్ప.

"ఉండబట్టే గదా నేను బతికొచ్చింది. ఇంగ ఒక నది అడ్డమొచ్చింది. అవతలి గట్టు కనబడదు, వంతెన లేదు. నీళ్లు తాగతా ఉన్న ఒక ఆడ ఏనుగు ఇంజను సద్దు విని, నా బండి దాని పిల్ల అనుకొనింది. తొండంతో నన్నూ బండినీ ఎత్తుకొని నది దాటించి, బండికి ఒళ్లు కడిగి, గడ్డి తినిపించబోయింది. దాన్ని ఒప్పించి బయలుదేరేసరికి సాయంత్రమైంది.

"ఆ గట్టున ఒక సింహం. ఒళ్లు కాలిపోతా ఉంది జ్వరంతో. వదిలేసి పోతామా? వెనక సీట్లో కూర్చోబెట్టుకొన్నాను. ముందుకాళ్లు నా భుజాల మీద వేసి, నా మెడ మీద తల పెట్టి నిద్దరపోయింది. డెబ్బై మైళ్లు. చెక్‌పోస్టులో పోలీసాయన లైసెన్సు అడిగితే, నేను నాది తీసేలోపల అది ఆవులించింది. ఆయన సల్యూట్ కొట్టి గేటెత్తినాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలుసు నాయనా," అనింది దొడ్డమ్మ, కాయలు ఏరేది ఆపకుండానే.

అందరూ ఆమె వైపు చూసినారు.

"ఆఫ్రికా నుంచి అని నువ్వు రాసిన జాబు మీద క్రిష్ణగిరి ముద్ర ఉన్నింది. పోస్టు వెంకటరామప్ప చదివి చెప్పినాడు. మర్నాడే బస్సెక్కినాను. అడగంగా అడగంగా పెద్దాసుపత్రిలో కనబడినావు. శూలగిరి కాడ బండి జారి, తొడ ఎముక విరిగి, కాలు పైకి కట్టి బరువులు వేలాడేసుండారు."

ఆంజినప్ప తల దించుకొన్నాడు. "నువ్వు దిగులు పెట్టుకొంటావని అట్ల రాసినానమ్మా."

"వాకిలి కాడ నిలబడి చూసినాను. పక్క మంచాలోళ్లకు ఈ కథే చెప్తా ఉండావు. కట్లు కట్టుకొన్నోళ్లంతా నొప్పి మరిచి నగతా ఉండారు. పదకొండు శుక్రవారాలు వచ్చి, సంగటీ పులుసూ నర్సమ్మ చేతికిచ్చి తిరిగొచ్చేసినాను."

"అది ఆసుపత్రి కూడు అనుకొన్నాను." ఆంజినప్ప తలెత్తి ఆమెను చూసినాడు. "లోపలికి ఎందుకు రాలేదమ్మా?"

"నిన్ను చూస్తే నాకు ఏడుపొస్తుంది, నన్ను చూస్తే నీకొస్తుంది. ఏడిస్తే కాలు కదులుతుందని నర్సమ్మ చెప్పింది."

మారక్క కొంగుతో మొహం తుడుచుకొనింది. శివప్ప మెల్లగా అడిగినాడు, "తర్వాత ఏమైందప్పా?"

"తర్వాత కట్టు విప్పినారు. కుంటుకుంటా బస్సు దిగి ఈ వాకిట్లోకి వచ్చినాను," అన్నాడు ఆంజినప్ప. "అమ్మ చెంబుతో నీళ్లు చేతికిచ్చి, 'ఆఫ్రికాలో ఎండ జాస్తా నాయనా?' అని అడిగింది. శానా జాస్తి అన్నాను."